లీటర్లు పెరిగాయి, పాలు పలచబడ్డాయి

(ఉద్యోగం, వ్యాపారం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర చిన్న ప్రైవేటు డెయిరీ. చుట్టుపక్కల ఊళ్ల నుంచి రెండు పూటలా పాలు సేకరిస్తాం. పోయిన ఏడాది నుంచి ఒక్కో రూట్ సూపర్‌వైజర్‌కి నెలకు ఇన్ని లీటర్లని టార్గెట్ పెట్టి, దాటితే ఇన్సెంటివ్ ఇస్తున్నాను. లీటర్లు పెరిగాయి. కానీ పలచని పాలు, పులిసిన పాలు కూడా పెరిగాయి. క్యాన్లు వెనక్కి పంపాల్సి వస్తోంది, రైతులతో రోజూ గొడవ. ఈ మధ్య ఒక ట్రైనింగ్‌కి వెళ్తే "ఫలితం వదిలేయండి, పని జరిగే తీరు చూడండి" అన్నారు. ఫలితం వదిలేస్తే రైతులకు ఇచ్చే పది రోజుల బిల్లుకి డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? మీరు కూడా కర్మణ్యేవాధికారస్తే అని మొదలుపెట్టకండి, దయచేసి.
(ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా)

జవాబు: మొదలుపెట్టనండి. ఆ ట్రైనింగ్ ఇచ్చినాయనకు నెలనెలా జీతాలిచ్చే బాధ లేదేమో, అందుకే అంత తేలిగ్గా వదిలేయమన్నాడు. ఫలితాన్ని మీరు వదలకూడదు. దాన్ని తీసుకెళ్లి సూపర్‌వైజర్ మెడకు కట్టడం మాత్రం ఆపాలి.

అసలు లీటర్లు ఎవరి చేతిలో ఉన్నాయో ఒకసారి ఆలోచించండి. మన దగ్గర గేదెలు ఎక్కువగా వానాకాలం నుంచి చలికాలం మొదలయ్యే లోపు ఈనుతాయి, కాబట్టి చలికాలంలో పాలు బాగా వస్తాయి. ఏప్రిల్, మే నెలలొచ్చేసరికి పచ్చిమేత ఉండదు, చాలా గేదెలు ఒట్టిపోతాయి. డిసెంబరులో టార్గెట్ దాటినవాడు చేసిన ఘనకార్యం ఏమిటి, మేలో తప్పినవాడు చేసిన నేరం ఏమిటి? పక్క డెయిరీవాళ్లు లీటరుకు రూపాయి పెంచితే ఊరు ఊరంతా అటు పోతుంది, అది కూడా అతని చేతిలో లేదు. అతని చేతిలో ఉన్నది ఒకటే, ఊళ్లో పాలు పోయించుకునే ఏజెంటు తెచ్చిన క్యానును చూసీ చూడనట్టు వదిలేయడం. అదే చేశాడు. నీళ్లు కలిసిన పాలు కూడా లీటర్లలోకే వస్తాయి కదా. ఒకరకంగా మీరే ఇన్సెంటివ్ ఇచ్చి మరీ నేర్పించారు, అతన్ని తిట్టి లాభం లేదు.

అమెరికా గణాంక నిపుణుడు డబ్ల్యూ. ఎడ్వర్డ్స్ డెమింగ్ పేరు వినే ఉంటారు, 1950లో జపాన్ వెళ్లి అక్కడి కంపెనీల పెద్దలకు నాణ్యత పాఠాలు చెప్పినాయన. తన సెమినార్లలో ఆయన ఒక ఆట ఆడించేవాడు. ఒక పెట్టెలో 3,200 తెల్ల పూసలు, 800 ఎర్ర పూసలు కలిపి పోస్తారు. సభలోంచి కొందరిని పిలిచి కార్మికుల ఉద్యోగం ఇస్తారు. 50 గుంటలున్న ఒక చెక్కను పెట్టెలో ముంచి పైకి తీయడమే వాళ్ల పని. తెల్ల పూస అంటే మంచి సరుకు, ఎర్ర పూస అంటే చెడిపోయిన సరుకు. డెమింగే ఫోర్‌మన్ వేషం కట్టి, తక్కువ ఎర్ర పూసలు వచ్చినవాడిని అందరి ముందూ మెచ్చుకునేవాడు, ఎక్కువ వచ్చినవాడిని చెడామడా దులిపేసేవాడు, మర్నాటి లెక్కలో మెచ్చుకున్నవాడికే ఎక్కువ వస్తే ఇంక్రిమెంట్ తలకెక్కిందని తిట్టేవాడు. జనం పడీ పడీ నవ్వేవాళ్లు. పెట్టెలో అయిదో వంతు ఎర్ర పూసలే ఉన్నప్పుడు చెక్క ముంచేవాడు ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకుని ముంచినా ఏం చేయగలడు? ఎర్ర పూసలు తగ్గాలంటే పెట్టెలోకి వచ్చే సరుకు మారాలి, అది యజమాని చేతిలోని పని. మీ నెలవారీ టార్గెట్ చార్టులో సగం ఈ పూసల లెక్కే.

ఇక మీ కేంద్రంలో తెల్లవారుజామున జరిగే పని దగ్గరికి వద్దాం, డబ్బు పోయేదీ వచ్చేదీ అక్కడే. పాలు కాసేపు కదలకుండా ఉంటే వెన్న పైకి తేలుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. క్యానును అడుగు నుంచి పైదాకా బాగా కలపకుండా పైపైన గరిటె ముంచి శాంపిల్ తీస్తే మిషన్‌లో ఫ్యాట్ (వెన్న శాతం) ఎక్కువ చూపిస్తుంది, అడుగున తీస్తే తక్కువ చూపిస్తుంది. రేటు ఫ్యాట్‌ని బట్టే కదా, అంటే ఏజెంటుకు కావలసినవాడికి ఒక రేటు, గిట్టనివాడికి ఇంకో రేటు, మిషన్ మాత్రం నిజాయితీగానే పనిచేస్తూ ఉంటుంది! పాలలో నీళ్లు కలిశాయేమో చూసే లాక్టోమీటర్ కూడా అంతే, అప్పుడే పితికిన వెచ్చటి పాలలో వేస్తే రీడింగ్ తక్కువ వస్తుంది, వేడిని బట్టి సరిచేసి చూడాలి. పొద్దున్నే పరుగున వచ్చి పోసిన రైతుకే దెబ్బ. వాడు నాలుగు రోజులు చూస్తాడు, అయిదో రోజు తనూ నీళ్లు కలుపుతాడు. పులుపు సంగతి ఇంకా సులువు. నిన్నటి క్యాను వేడినీళ్లతో కడిగి బోర్లించి ఆరబెట్టకపోతే, లేదా ఎండాకాలం వ్యాను ఊళ్లన్నీ తిరిగి కూలర్‌కి చేరేసరికి నాలుగైదు గంటలు దాటితే, ఆ తర్వాత పాలను 4 డిగ్రీలకు చల్లబరిచినా పెద్దగా ఉపయోగం ఉండదు, సూక్ష్మజీవులు అప్పటికే పెరిగిపోయి ఉంటాయి.

కాబట్టి సూపర్‌వైజర్‌ని వీటి మీదే అడగండి. కలిపి శాంపిల్ తీశారా, రైతు చేతికి అక్కడికక్కడే స్లిప్పు ఇచ్చారా, క్యాన్లు బోర్లించి ఉన్నాయా, వ్యాను అనుకున్న టైముకి కూలర్ దగ్గరికి వచ్చిందా. ఇవన్నీ డిసెంబరులోనూ మేలోనూ అతని చేతిలో ఉన్నవే. ఇన్సెంటివ్ కూడా ఇటు మార్చండి. వీటికోసం ఒక రిజిస్టరు పెట్టి టిక్కులు పెట్టమనకండి, రాత్రి ఇంట్లో కూర్చుని నెలకు సరిపడా టిక్కులు ఒక్కసారే పెట్టేస్తారు. చెప్పకుండా ఏదో ఒక కేంద్రానికి అయిదున్నరకే వెళ్లి పక్కన నిలబడండి. తప్పు కనిపిస్తే అక్కడే తిట్టకండి, ఎందుకలా చేస్తున్నారో అడగండి. క్యాను కలిపే కడ్డీ విరిగి చాలా రోజులైందనీ, చెప్పినా ఎవరూ కొనివ్వలేదనీ తేలొచ్చు.

లీటర్లు మీరు చూసుకోండి, రోజూ చూసుకోండి, కానీ నిన్నటితో కాకుండా పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చుకోండి. ముందే చెప్తున్నాను, మొదటి నెలా రెండు నెలలు లీటర్లు తగ్గుతాయి. నీళ్లు పోయాక మిగిలిందే మీ అసలు పాలు, ఆ అంకె చూసి కంగారుపడి మళ్లీ టార్గెట్ పెట్టారో, ఇక మీ మాట ఎవరూ నమ్మరు. రెండు మూడు నెలలు అన్నీ సరిగ్గా జరిగాక కూడా వెనక్కి పంపే క్యాన్లు తగ్గలేదంటే మీరు ఎంచుకున్న పద్ధతిలోనే ఏదో లోపం ఉన్నట్టు, అప్పుడు దాన్ని మార్చండి. మీకు ఫలితం పనికొచ్చేది ఇందుకే.

ఇంకోటి. పొద్దున్నే మీరు చేసే మొదటి ఫోన్‌లో "ఇవాళ ఎన్ని లీటర్లు?" అని అడిగారా, మీరు ఎన్ని మీటింగులు పెట్టినా మీకు కావలసింది అదేనని వాళ్లకు తెలిసిపోతుంది.

ప్రశ్న: ఖమ్మం జిల్లాలో ఒక మైక్రోఫైనాన్స్ కంపెనీలో బ్రాంచ్ మేనేజర్‌ని. మా పైవాళ్లకు కావలసింది ఒకటే, వసూళ్ల శాతం. 99 కంటే తగ్గితే కాన్ఫరెన్స్ కాల్‌లో అందరి ముందూ పరువు తీస్తారు. తగ్గకపోతే ఎలా వసూలు చేశావని ఎవరూ అడగరు. "అప్పు తిరిగి వస్తోంది కదా, ఇంతకంటే ఏం కావాలి" అంటాడు మా ఏరియా మేనేజర్. ఆయన అన్నదాంట్లో తప్పుందా?
(పేరు వద్దన్నారు)

జవాబు: ఉంది. ఎంత ఉందో మన తెలుగు రాష్ట్రాలకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. 2010కి ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మైక్రోఫైనాన్స్‌కి దేశంలోనే పెద్ద మార్కెట్. నూటికి 98, 99 వసూలవుతున్నాయని కంపెనీలు గొప్పగా చెప్పుకునేవి, ఆ అంకె చూసే పెట్టుబడులు వచ్చిపడ్డాయి. ఆ 99 ఎలా తయారవుతోందో ఊళ్లో అందరికీ తెలుసు. ఒక కంపెనీ వారం కిస్తీ కట్టడానికి ఇంకో కంపెనీలో అప్పు, దానికోసం మూడోదాంట్లో, ఒకరు కట్టలేకపోతే గ్రూపులో మిగతావాళ్లు వాళ్లింటి ముందు కూర్చోవడం. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఈ వసూళ్లకు పగ్గాలు వేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది, దాంతో అంత గొప్ప వసూళ్లు కొద్ది రోజుల్లోనే కుప్పకూలాయి. అంకె చివరి వారం దాకా బాగానే ఉంది మరి, కింద నేల ఎప్పుడో కుంగిపోయింది.

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఒక్కో కస్టమర్‌కీ ఎనిమిది ఖాతాలో కార్డులో అంటగట్టాలని సిబ్బంది వెంటపడింది, వాళ్లు కస్టమర్లకు తెలియకుండానే లక్షల్లో ఖాతాలు తెరిచేశారు. 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, 5,300 మంది దాకా ఉద్యోగాలు పోయాయి. ఊడినవాళ్లలో ఎక్కువమంది మీలాంటివాళ్లూ, మీ కిందవాళ్లూ, ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

మీ చేతిలో ఏముంది అంటారా? రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల ప్రకారం ఒక కుటుంబం అన్ని అప్పులకూ కలిపి నెలకు కట్టేది వాళ్ల ఆదాయంలో సగం దాటకూడదు. ఆ ఆదాయం అంకె మీ ఫారంలో ఎక్కడి నుంచి వస్తోంది? ఇంటికెళ్లి అడిగి రాస్తున్నారా, లోన్ ఎంత కావాలో చూసుకుని వెనక్కి లెక్కేసి రాస్తున్నారా? ముందు మీ బ్రాంచ్‌లో ఇది సరిచేయండి, మీ పైవాళ్లను అడగాల్సిన పని లేదు, రూల్ మీ పక్కనే ఉంది. రెండోది, మీ ఫీల్డ్ ఆఫీసర్లు తగ్గిన కిస్తీని సొంత జేబులోంచి వేసి కడుతున్నారేమో కనుక్కోండి. తిట్లు తప్పించుకోవడానికి వేస్తారు, అక్కడి నుంచి రసీదులు రాయకపోవడం దాకా వెళ్లడానికి ఎంతో కాలం పట్టదు. "కట్టలేదు" అని నిజం చెప్పినవాడిని మీ బ్రాంచ్ వరకైనా తిట్టడం మానేస్తే, ఎవరు నిజంగా ఇబ్బందిలో ఉన్నారో మీకు రెండు నెలలు ముందే తెలుస్తుంది. మీ ఏరియా మేనేజర్‌కి ఆ రెండు నెలల విలువ ఎంతో చెప్పి చూడండి. వినకపోతే ఈమెయిల్‌లో రాసి పెట్టుకోండి, నోటిమాటగా వదలొద్దు.

ప్రశ్న: మీరు ప్రాసెస్ ప్రాసెస్ అంటారు, మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉన్నదంతా అదే. రిలీజ్‌కి ముందు నింపాల్సిన టెంప్లేట్లతోనే రోజు గడుస్తుంది, బగ్‌లు మాత్రం ఎప్పట్లాగే వస్తున్నాయి. ప్రాసెస్ మీద ఉన్న నమ్మకమే పోయింది.
(ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: అమ్మా, మీ దగ్గర ఉన్నది ప్రాసెస్ కాదు, రేపు ఏదైనా తేడా వస్తే "మేం నింపాం కదా" అనడానికి దాచుకునే కాగితాలు. రిసెప్షన్‌లో సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టి పెట్టుకునే ఆఫీసుల్లో ఈ జబ్బు కాస్త ఎక్కువ.

పీటర్ ప్రొనొవోస్ట్ అనే అమెరికన్ డాక్టర్ 2001లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి ఐసీయూలో చేసిన పని చూడండి. పెద్ద రక్తనాళంలోకి ట్యూబు వేసేటప్పుడు వచ్చే ఇన్‌ఫెక్షన్లతో రోగులు చనిపోతుండేవాళ్లు. ఆయన ఒక కాగితం మీద అయిదే పనులు రాశాడు, చేతులు కడుక్కోవడం, చర్మాన్ని మందుతో శుభ్రం చేయడం లాంటివి, ప్రతి డాక్టరుకీ చదువుకునే రోజుల నుంచి తెలిసినవే. అయితే దాంతో పాటు ఇంకో రెండు పనులు చేశారు. కావలసిన సామాను ఒకటొకటి ఒక్కోచోట వెతుక్కోవాల్సి వచ్చేది, అదంతా ఒక బండి మీదకి చేర్చారు. డాక్టరు ఒక మెట్టు వదిలేస్తే నర్సు ఆపొచ్చని యాజమాన్యం చేతే చెప్పించారు. నర్సు డాక్టర్ని ఆపడమేంటని గొణిగినవాళ్లు లేకపోలేదు. తర్వాత మిషిగన్ రాష్ట్రంలో నూటికి పైగా ఐసీయూల్లో ఈ పద్ధతి పెట్టారు, ఇన్‌ఫెక్షన్లు దారుణంగా పడిపోయాయి, 2006లో ఆ వివరాలు వైద్య పత్రికలో వచ్చాయి. కాగితం ఒక్కటే ఇచ్చి ఊరుకుని ఉంటే అక్కడా టిక్కులే మిగిలేవని నా అనుమానం.

ఇప్పుడు మీ టెంప్లేట్లు ముందు పెట్టుకుని ఒక్కోదాన్నీ రెండు మాటలు అడగండి. గతంలో వచ్చిన ఏ బగ్ వల్ల ఇది పుట్టింది? ఇందులో "కాదు" అని రాస్తే రిలీజ్ ఆగుతుందా? రెండింటికీ జవాబు లేనివి తీసేయమని మీ టీమ్ మీటింగ్‌లో ప్రతిపాదించండి, మీకంటే ముందు మీ మేనేజరే సంతోషిస్తారు, ఆయన కూడా అవి నింపలేక చస్తుంటారు. మిగిలే నాలుగైదింటికి మాత్రం ఒక షరతు పెట్టించండి, టెస్టర్ వద్దంటే రిలీజ్ ఆగాలి, క్లయింట్‌కి మాటిచ్చింది డైరెక్టర్ అయినా సరే. ఆ షరతుకి పైవాళ్లు ఒప్పుకోకపోతే టెంప్లేట్లు నాలుగున్నా నలభై ఉన్నా ఒకటే, బగ్‌ల గురించి మీరు టెన్షన్ పడటం అనవసరం, సాయంత్రం టైముకి ఇంటికి వెళ్లిపోండి.