ఫోర్క్ చేశాక ఆర్‌డీఎంఏ బఫర్‌లో పాత డేటాయే ఎందుకు ఉంటోంది?

ఆర్‌డీఎంఏ అంటే ప్రాసెసర్ చెయ్యి పడకుండా నెట్‌వర్క్ కార్డే నేరుగా మెమరీలో డేటా రాసే పద్ధతి. భీమవరం నుంచి అడిగినాయన ప్రోగ్రాములో కంప్లీషన్ (పని పూర్తయిందని కార్డు ఇచ్చే కబురు) సక్సెస్ అనే వస్తోంది, బఫర్ తెరిస్తే మాత్రం పాత సరుకే. లాగ్ రాయడానికి ఫోర్క్ చేసి, అంటే నడుస్తున్న ప్రోగ్రాముకి ఇంకో నకలు (చైల్డ్) పుట్టించినప్పటి నుంచీ ఇదే గొడవట. ఈపాటికి కార్డు మార్చమని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. కార్డుదేం తప్పు లేదండి.

ఉమ్మడి పొలం లెక్క ఇది. ఫోర్క్ అవగానే తండ్రికీ (అసలు ప్రోగ్రాము) కొడుక్కీ (చైల్డ్) మెమరీ పేజీ ఒకటే. ఎవరు ముందు రాస్తే వాళ్ళకి కెర్నల్ వేరే పేజీ ఇస్తుంది. రిసీవ్ పోస్ట్ చేసి ఉన్న, అంటే వచ్చే డేటా కోసం కార్డుకి అప్పగించిన బఫర్‌లో ఫోర్క్ తర్వాత తండ్రి 8 బైట్ల హెడర్ సున్నా చేశాడనుకోండి, ఆయన కొత్త మడిలోకి మారిపోయినట్టే. కార్డుకి మాత్రం బఫర్‌ని రిజిస్టర్ చేసినప్పటి (తన దగ్గర నమోదు చేసినప్పటి) ఫిజికల్ అడ్రసే తెలుసు. బోదె నీళ్ళు పాత మడిలోనే పడతాయి. మన కాలేజీ పరీక్షల్లో మూడు ఫోర్కులకి హలో ఎన్నిసార్లు ప్రింటవుతుందని అడుగుతారు గానీ, ఈ సంగతి ఒక్క ప్రశ్నలోనూ రాదు.

మెయిన్‌లో వెర్బ్స్ లైబ్రరీ (ఆర్‌డీఎంఏ వాడుకునే ఫంక్షన్లుండేది) ఫంక్షన్లు ఇంకేవీ పిలవకముందే ఐబివి_ఫోర్క్_ఇనిట్ పిలవండి, 0 వచ్చిందో లేదో చూడండి. కోడ్ ముట్టుకోలేకపోతే ఆర్‌డీఎంఏవీ_ఫోర్క్_సేఫ్=1 ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టి ప్రోగ్రాము నడపండి. అప్పట్నుంచి రిజిస్టర్ చేసిన ప్రతి పేజీకీ డోంట్‌ఫోర్క్ గుర్తు పడుతుంది, ఆ పేజీ కొడుక్కి అసలు దక్కదు. రిజిస్ట్రేషన్ కాస్త నెమ్మదిస్తుంది, అంతే.

అసలు తంటా ఆ తర్వాతే. గుర్తు పడేది పేజీ మొత్తానికి. మాలాక్‌తో 100 బైట్లు తీసుకుని రిజిస్టర్ చేస్తే, అదే 4096 బైట్ల పేజీలో పక్కనున్న మీ లాగ్ స్ట్రింగూ మాయమవుతుంది. కొడుకు దాన్ని ముట్టుకోగానే సెగ్మెంటేషన్ ఫాల్ట్. అందుకే పోసిక్స్_మెమ్ఎలైన్‌తో 4096కి అలైన్ చేసి, సైజు కూడా 4096 గుణిజానికి పెంచండి. హ్యూజ్ పేజీలైతే (మామూలువాటికన్నా పెద్ద సైజువి) ఆర్‌డీఎంఏవీ_హ్యూజ్‌పేజెస్_సేఫ్ కూడా పెట్టాలి, అలైన్‌మెంట్ ఆ పేజీ సైజుకే ఉండాలి.

కొత్త కెర్నళ్ళు పిన్ చేసిన (కార్డు కోసం కదలకుండా పట్టి ఉంచిన) పేజీలని ఫోర్క్ అప్పుడే కాపీ చేసి కొడుక్కిస్తాయి, తండ్రి పేజీ కదలదు. ఐబివి_ఈజ్_ఫోర్క్_ఇనిషియలైజ్డ్ పిలిస్తే 'అన్‌నీడెడ్' అని వస్తుంది, అప్పుడీ పాట్లు అక్కర్లేదు. అలాగని తండ్రి క్యూపెయిర్‌ని (క్యూపీ, అంటే పంపే, అందుకునే పనుల వరసల జంట) కొడుకు వాడకూడదు. కొడుక్కి కావాలంటే డివైస్ మళ్ళీ తెరిచి సొంత పీడీ (ప్రొటెక్షన్ డొమైన్), సొంత క్యూపీ కట్టుకోవాల్సిందే.

నన్నడిగితే ముందు ఫోర్కులన్నీ కానిచ్చేసి, ఆ తర్వాతే డివైస్ తెరవాలండి. పైథాన్ మల్టీప్రాసెసింగ్‌లో అయితే స్టార్ట్ మెథడ్ 'స్పాన్' (ఫోర్క్ చేయకుండా కొత్త ప్రాసెస్‌ని మొదట్నుంచీ మొదలుపెట్టేది) పెట్టేయండి.