హీట్ ట్రాన్స్‌ఫర్‌లో పీహెచ్‌డీ: పేపర్లు ఎక్కువ వస్తున్న టాపిక్కే తీసుకోవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: హీట్ ట్రాన్స్‌ఫర్‌లో పీహెచ్‌డీ మొదలుపెడుతున్నారు, వెతికితే నానోఫ్లూయిడ్స్ (అతి సూక్ష్మమైన ఘన కణాలు కలిపిన ద్రవాలు) మీద లెక్కలేనన్ని పేపర్లు కనిపిస్తున్నాయి, అంటే ఆ రంగం బాగా నడుస్తున్నట్టే కదా, అదే తీసుకుంటే త్వరగా పబ్లిష్ చేయొచ్చా అని. సరిగ్గా ఇదే లెక్క వేసుకుని నేనూ నానోఫ్లూయిడ్స్ తీసుకున్నాను, అందుకే సూటిగా చెబుతాను. ఒక టాపిక్ మీద పేపర్లు ఎక్కువ వస్తున్నాయంటే అక్కడ పేపర్ రాయడం సులువని అర్థం, అంతవరకే. అక్కడ తేలాల్సిన ప్రశ్న ఇంకా మిగిలి ఉందా లేదా అన్నది ఆ సంఖ్య చెప్పదు.

ఈ కథ ఎలా నడిచిందో కొంచెం చూడండి. నానోఫ్లూయిడ్ అన్న మాట 1995లో అమెరికాలోని ఆర్గోన్ నేషనల్ ల్యాబొరేటరీలో పనిచేసిన చోయ్ పేపర్‌తో వాడుకలోకి వచ్చింది. 2001లో అదే ల్యాబ్ వాళ్లు ఇథిలీన్ గ్లైకాల్‌లో ఘనపరిమాణంలో 0.3 శాతం రాగి నానో కణాలు కలిపితే ఉష్ణవాహకత 40 శాతం దాకా పెరిగిందని రాశారు. అంత కొద్ది కణాలతో అంత పెరుగుదలా అని అందరూ ఆశ్చర్యపోయారు, అందరూ కొలవడం మొదలుపెట్టారు, ఒకరి అంకెలకు ఇంకొకరి అంకెలకు పొంతన లేకుండా పోయింది. చివరికి 30కి పైగా సంస్థలు ఒకే రకం శాంపిళ్లు పంచుకుని ఎవరి పద్ధతిలో వాళ్లు కొలిచి, 2009లో కలిసి ఫలితం ప్రచురించాయి. ఆ శాంపిళ్లలో వింత పెరుగుదల ఏమీ కనిపించలేదు, 19వ శతాబ్దంలో మాక్స్‌వెల్ మొదలుపెట్టిన సిద్ధాంతాన్ని కణాల ఆకారం వంటి వాటికి సరిపడేలా విస్తరించిన లెక్కతోనే కొలతలు సరిపోయాయి. నాకు బాధ కలిగించే విషయం ఏమిటంటే, అంత ముఖ్యమైన జవాబు వచ్చాక కూడా పేపర్ల వరద ఆగలేదు. ప్రశ్నకు జవాబు దొరకడానికీ ప్రచురణ తగ్గడానికీ సంబంధం లేదని నాకు అప్పుడే అర్థమై ఉండాల్సింది, కానీ నేను ఆ పేపర్‌ని రెండో ఏడాది చివర్లో గానీ సరిగ్గా చదవలేదు.

నా అనుభవం ఇది. అల్యూమినా-నీళ్ల మిశ్రమం, రాగి ట్యూబ్, చుట్టూ హీటర్ వైరు, గోడ మీద థర్మోకపుల్స్ (ఉష్ణోగ్రత కొలిచే తీగలు). ఒకే రేనాల్డ్స్ నంబర్ (వేగం, ట్యూబ్ వ్యాసం, విస్కాసిటీ కలిపి ప్రవాహం తీరు చెప్పే అంకె) దగ్గర నీళ్లనీ నానోఫ్లూయిడ్‌నీ పోలుస్తూ గ్రాఫ్ గీశాను, పెరుగుదల చక్కగా వచ్చింది, పేపర్ రాసి పంపాను. రివ్యూయర్ రాసింది ఒక్క వాక్యం: ఇదే డేటాని ఒకే పంపింగ్ పవర్ (ద్రవాన్ని ట్యూబ్‌లో తోయడానికి పంపుకు కావాల్సిన శక్తి) దగ్గర గీసి చూపించండి. కూర్చుని గీశాను. పెరుగుదల లేదు, కొన్ని పాయింట్ల దగ్గర నీళ్లే మెరుగ్గా ఉన్నాయి. ఎందుకంటే కణాలు కలిపితే విస్కాసిటీ (ద్రవం చిక్కదనం) పెరుగుతుంది, అదే రేనాల్డ్స్ నంబర్ రావాలంటే ద్రవాన్ని ఇంకా వేగంగా తోయాలి, నేను చూసిన లాభంలో ఎక్కువ భాగం ఆ వేగానిదే. ఉదాహరణకి వేగం 30 శాతం పెంచాల్సి వచ్చిందనుకోండి, టర్బులెంట్ ఫ్లోలో ఫ్రిక్షన్ ఫ్యాక్టర్ మారదనుకుంటే పంపింగ్ పవర్ దాదాపు వేగం క్యూబ్‌తో పెరుగుతుంది, అంటే రెండింతలు దాటిపోతుంది. ఇంత తేలికైన లెక్క నేను ముందే వేసుకోలేదు, నేను చదివిన పేపర్లలో చాలా వాటిలోనూ లేదు. ఆ వారం టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. పేపర్ రిజెక్ట్ అయింది. ఆ రివ్యూయర్ ఎవరో నాకు తెలియదు గానీ నా చదువులో నాకు దొరికిన మంచి గురువుల్లో ఆయనో ఆవిడో ఒకరు.

ఇంకో విషయం కూడా అప్పుడే నేర్చుకున్నాను, ఇది నానోఫ్లూయిడ్స్‌కే కాదు, ట్యూబ్‌లో ట్విస్టెడ్ టేపులు పెట్టేవాళ్లకీ ఫిన్స్ మార్చేవాళ్లకీ వర్తిస్తుంది. చాలామంది ఖాళీ ట్యూబ్ ఫలితాన్ని ట్యూబ్‌లో టర్బులెంట్ ఫ్లోకి వేడి ఎంత అందుతుందో అంచనా వేసే 1930 నాటి డిట్టస్-బోల్టర్ సూత్రంతో పోల్చి వ్యాలిడేషన్ అయిపోయిందని రాస్తారు. ఆ సూత్రంలో పొరపాటు 25 శాతం దాకా ఉండొచ్చని టెక్స్ట్‌బుక్కులే చెబుతాయి. మీరు చూపించే లాభం 15 శాతం అయితే, మీరు కొలబద్దగా పెట్టుకున్న సూత్రం పొరపాటే అంతకంటే పెద్దది! అదే పనికి 1976 నాటి గ్నీలిన్‌స్కీ సూత్రం వాడండి, అంతకన్నా ముఖ్యంగా మీ రిగ్‌లోనే (ప్రయోగ పరికరంలోనే) మామూలు నీళ్లతో ఖాళీ ట్యూబ్ నడిపి ఆ డేటాతో పోల్చండి. హీటర్ ఇచ్చిన వేడికీ నీళ్లు తీసుకున్న వేడికీ లెక్క సరిపోయేదాకా కణాలు కలపొద్దు. నాకు దానికే నాలుగు నెలలు పట్టింది, తప్పంతా ఇన్సులేషన్ కింద ఒక థర్మోకపుల్ గోడకు సరిగ్గా అంటుకోకపోవడం.

సిమ్యులేషన్ వైపు పరిస్థితి వేరు. సాగే షీట్ మీద బౌండరీ లేయర్ (ఉపరితలాన్ని ఆనుకుని కదిలే పల్చటి ద్రవ పొర) సమస్యని క్రేన్ 1970లో చక్కగా సాధించాడు. ఆ తర్వాత దానికి అయస్కాంత క్షేత్రం కలిపితే ఒక పేపర్, రేడియేషన్ కలిపితే ఇంకోటి, పోరస్ మాధ్యమం, రసాయన చర్య, ఇప్పుడు హైబ్రిడ్ నానోఫ్లూయిడ్ (ఒకటికి మించిన రకాల కణాలు కలిపినది), ఇలా సమీకరణానికి ఒక్కో టర్మ్ తగిలిస్తూ పోవడం ఒక పద్ధతి అయిపోయింది. గణితంగా వాటిలో కొన్ని మంచివే. కానీ ఆ అన్ని ప్రభావాలూ ఒకేసారి ఉన్న పరికరం ఎక్కడ ఉంది, ఎవరు కొలిచి సరిచూస్తారు అని అడిగితే చాలావాటికి జవాబు ఉండదు. అలాంటి చోట పేపర్లు త్వరగా వస్తాయి నిజమే, కానీ మీ వైవాలో ఆ ప్రశ్న తప్పకుండా వస్తుంది.

మరి ఇప్పుడు ఎటు చూడాలి అంటే, నా అభిప్రాయం: ఎవరికైనా ఇవాళ నిజంగా వేడి సమస్య ఉన్న చోట. చిప్‌ల కూలింగ్, బ్యాటరీ ప్యాక్‌లు, త్రీడీ ప్రింటింగ్‌తో చేసే గైరాయిడ్ ఆకారాల (లోపలంతా వంపు గోడలు అల్లుకున్న) హీట్ ఎక్స్చేంజర్లు. టకర్‌మన్, పీస్ 1981లోనే సిలికాన్ మైక్రోచానెళ్లతో చదరపు సెంటీమీటరుకు 790 వాట్లు తీసేయొచ్చని చూపించారు, ఆ చిన్న పేపర్‌ని ఈరోజు డేటా సెంటర్ కూలింగ్ మీద రాసేవాళ్లు కూడా ఉదహరిస్తారు. నుకియామా 1934లో వేడి తీగ మీద మరుగుదలను కొలిచి జపనీస్‌లో రాసిన పేపర్ 1966లో ఇంగ్లీషులోకి వచ్చింది, ఆ బాయిలింగ్ కర్వ్ (ఉపరితలం వేడెక్కే కొద్దీ మరుగుదల ఎంత వేడి తీసుకెళ్తుందో చూపే గ్రాఫ్) లేకుండా ఇప్పటికీ పాఠం చెప్పలేరు. జాగ్రత్తగా చేసిన కొలత అంతకాలం నిలుస్తుంది.

మెషీన్ లర్నింగ్ గురించి కూడా అడుగుతారని ముందే చెబుతున్నా. పనికొస్తుంది, కానీ ఒక ఉచ్చు ఉంది. మా ల్యాబ్‌లో బాయిలింగ్ డేటాని కలగలిపి, కొంత ట్రైనింగ్‌కి కొంత టెస్టింగ్‌కి తీసుకుంటే మోడల్ అద్భుతంగా వచ్చింది. ఒక ద్రవం డేటా మొత్తాన్ని పక్కన పెట్టి, మిగతా వాటితో నేర్పించి, ఆ ద్రవం మీద పరీక్షిస్తే మోడల్ కుప్పకూలింది. ఒకే ప్రయోగంలోని పక్కపక్క పాయింట్లు రెండు వైపులా పడితే అది జవాబులు ముందే చూసి పరీక్ష రాసినట్టు. ఈ పరీక్ష చేయని పేపర్ కనిపిస్తే నేను ముందుకు చదవను.

జర్నల్స్ గురించి క్లుప్తంగా. ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ హీట్ అండ్ మాస్ ట్రాన్స్‌ఫర్ 1960 నుంచి ఉంది, కొత్త ఫిజిక్స్ ఉంటే అక్కడికి. సిస్టమ్ స్థాయి పని అయితే అప్లైడ్ థర్మల్ ఇంజనీరింగ్. కొలతే ప్రధానమైతే ఎక్స్‌పెరిమెంటల్ థర్మల్ అండ్ ఫ్లూయిడ్ సైన్స్. స్పెషల్ ఇష్యూలో రాయమని మెయిళ్లు వస్తాయి, ఆ గెస్ట్ ఎడిటర్ పని మీరు ఇదివరకే చదివి గౌరవిస్తుంటే తప్ప వదిలేయండి. ట్రెండ్ ఎలా మారుతూ వచ్చిందో చూడాలంటే మిన్నెసోటా యూనివర్సిటీలో ఎకర్ట్, తర్వాత గోల్డ్‌స్టీన్ బృందం ఏటా ప్రచురించిన లిటరేచర్ రివ్యూలు తిరగేయండి, ఏ టాపిక్ ఎప్పుడు పొంగిందో ఎప్పుడు చల్లబడిందో కళ్లకు కడుతుంది.

నా విషయానికొస్తే, అదే డేటాని పంపింగ్ పవర్ ఆధారంగా మళ్లీ రాసి, లాభం లేదని శీర్షికలోనే చెప్పి, ప్రెషర్ డ్రాప్ (ట్యూబ్ మొదటికీ చివరకూ మధ్య ఒత్తిడి తగ్గుదల) అంకెలన్నీ పట్టికలో ఇచ్చి వేరే జర్నల్‌కి పంపాను. ఆలస్యమైంది, ఒప్పుకున్నారు. ఆ పట్టిక కావాలని ఇప్పటికీ అప్పుడప్పుడు మెయిళ్లు వస్తుంటాయి.

మీ గైడ్‌ని కలిసేలోపు ఒక పని చేయండి. మీకు బాగా నచ్చిన పది నానోఫ్లూయిడ్ పేపర్లు తీసుకుని, వాటిలో ప్రెషర్ డ్రాప్, అన్‌సర్టెన్టీ (కొలతలో ఎంత తేడా ఉండొచ్చన్న) లెక్క, అదే రిగ్‌లో మామూలు నీళ్ల డేటా, ఈ మూడూ ఎన్నింటిలో ఉన్నాయో చూసి ఇక్కడ రాయండి. మూడూ ఉన్నవాటిని పట్టుకుని మాట్లాడుకుందాం.