ప్రొబేషన్ మీద విడుదలైన వ్యక్తిని ఎవరు గమనిస్తారు?

చిత్తూరు కోర్టు మీ తమ్ముణ్ణి ప్రొబేషన్ మీద విడిచిపెట్టిందనీ, అదీ పెరోలూ ఒకటేనా అనీ అడిగారు. రెండూ వేరు. పెరోల్ అంటే, జైల్లో శిక్ష అనుభవిస్తున్న ఖైదీని ఇంట్లో చావో పెళ్ళో ఉన్నప్పుడు, కొద్దిరోజులకు షరతులపై పంపడం.

ప్రొబేషన్‌లో, 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టం 4వ సెక్షన్ కింద, నేరం రుజువైనా కోర్టు అప్పటికప్పుడు శిక్ష వేయకుండా, 3 ఏళ్లకు మించని గడువుకు సత్ప్రవర్తన బాండు రాయించుకుంటుంది. మరణశిక్షకో యావజ్జీవానికో అవకాశమున్న నేరాలకు ఇది వర్తించదు. పర్యవేక్షణకు ఆదేశిస్తే, అది కనీసం ఏడాది ఉండాలి.

ఆ పని ప్రొబేషన్ అధికారిది. ఆయన్ని కాపలా పోలీసుగా చూడకండి. అవసరమైతే తగిన పని వెతికిపెట్టేందుకు ప్రయత్నించడమూ 14వ సెక్షన్ ప్రకారం ఆయన బాధ్యతే, కాబట్టి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజన్ ముగిసి మీ తమ్ముడు ఖాళీగా ఉంటే, ఆ సంగతి దాచకుండా ఆయనకే చెప్పమనండి. బాండు షరతు తప్పితే మాత్రం, మొదటిసారి 50 రూపాయల దాకా జరిమానాతో సరిపెట్టవచ్చు, లేదా అసలు నేరానికే శిక్ష వేయవచ్చు.

మరొకటి, చాలామందికి తెలియనిది: 12వ సెక్షన్ ప్రకారం, నేరం రుజువైనందువల్ల వచ్చే అనర్హత ఇలా విడుదలైనవారికి అంటదు.