సమాధానం: రాబిన్సన్ తొలి ఆట 1946లోనా, 1947లోనా?

అమెరికా బేస్‌బాల్‌లో నల్లజాతివాళ్లకు దారి తెరిచిన జాకీ రాబిన్సన్ తొలి ఆటకి మీ వ్యాసంలో ఉన్న రెండు తేదీలు పొసగడం లేదన్నారు కదండీ, నిజానికి రెండూ సరైనవే. 1947 ఏప్రిల్ 15 బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున మేజర్ లీగ్ (అగ్రస్థాయి పోటీ) అరంగేట్రం. 1946 ఏప్రిల్ 18 మైనర్ లీగ్‌ది (దాని కింది స్థాయి): జెర్సీ సిటీలో మాంట్రియల్ రాయల్స్ తరఫున నాలుగు హిట్లు, వాటిలో ఒకటి మూడు పరుగులు తెచ్చిన హోమ్ రన్ (బంతిని మైదానం దాటించే దెబ్బ). ఆ దెబ్బ తర్వాత పరుగు పూర్తయ్యే చోటైన హోమ్ ప్లేట్ దగ్గర తెల్లజాతి సహచరుడు జార్జ్ షుబా చెయ్యి కలిపిన ఫొటో ఆ క్షణానిదే. వీలైతే అది తప్పక పెట్టండి.

"బేస్‌బాల్‌లో తొలి నల్లజాతి ఆటగాడు" అని మాత్రం రాయకండి. 1884లోనే నల్లజాతి ఆటగాడు మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ టొలెడో జట్టుకి ఆడాడు. 1887లో ఇంటర్నేషనల్ లీగ్ యజమానులు ఓటేసి కొత్త నల్లజాతి ఆటగాళ్లకు తలుపు మూశారు.

"1946తో వివక్ష పోయింది" అన్న వాక్యం తీసేయండి. నల్లజాతి ఆటగాళ్లకు ఒక్కో లీగ్ ఒక్కో సంవత్సరంలో తలుపు తెరిచింది. టెక్సస్ లీగ్‌లో తొలి నల్లజాతి ఆటగాడిగా 1952లో డేవ్ హోస్కిన్స్ వచ్చాడు. 1953లో జాక్సన్‌విల్‌కి ఆడిన నల్లజాతి ఆటగాడు హ్యాంక్ ఆరన్ .362 బ్యాటింగ్ సగటుతో సౌత్ అట్లాంటిక్ లీగ్‌లో మేటిగా నిలిచినా, జట్టు దిగిన హోటల్లో అతనికి చోటివ్వలేదు. సదరన్ అసోసియేషన్ మరీ ఘోరం: 1954లో అట్లాంటా జట్టు నల్లజాతి ఆటగాడు నాట్ పీపుల్స్‌ని రెండే ఆటలాడించి కింది లీగ్‌కి పంపేసింది. 1961 సీజన్ తర్వాత మూతపడేదాకా ఆ లీగ్‌లో మరో నల్లజాతి ఆటగాడు దిగనేలేదు.