ఎడమ, కుడి హార్ట్ ఫెయిల్యూర్ లక్షణాలు కలగాపులగం అవుతుంటే

నర్సింగ్ రెండో ఏడాదిలో ఈ రెండింటి లక్షణాలు పట్టిక వేసుకుని ఎంత బట్టీపట్టినా తారుమారవుతున్నాయని రాశారు కదా, ఆ పట్టికను పక్కన పెట్టేసి రక్తం ఎక్కడినుంచి వస్తోందో చూడండి. ఎడమ జఠరిక (గుండెలో ఎడమవైపు కింది గది) సరిగా పంప్ చేయకపోతే దాని వెనకున్నవి ఊపిరితిత్తులే, రక్తం అక్కడే నిలిచి, కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి నీరు గాలిగదుల్లోకి దిగుతుంది, అందుకే పేషెంట్ వెల్లకిలా పడుకోలేక ఇంకో దిండు అడుగుతాడు. కుడివైపైతే వెనక ఉన్నది ఒళ్లంతా. మెడ సిరలు ఉబ్బుతాయి, కాలేయం పెరుగుతుంది, చీలమండ దగ్గర వేలితో నొక్కితే పడిన గుంట కాసేపు అలాగే ఉంటుంది. వార్డులో రెండూ కలిసి కనిపిస్తే టెన్షన్ పడకండి, కుడివైపు దెబ్బతినడానికి ఎక్కువగా ఎడమవైపే కారణం. పరీక్షలోనూ ఇదే వరుసలో బాణం గుర్తులతో రాయండి.