తెల్లవారుజామున సాధన, పగలు పాఠం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీర్వదించి రాయునది.

భీమవరంలో సైకాలజీ, ఫిలాసఫీ బోధించే ఉద్యోగంలో చేరబోతున్నావని, ఇక పాట ఏమవుతుందోనని దిగులు పడుతున్నావని నీ ఉత్తరం వల్ల తెలిసింది. ఆ రెండు శాస్త్రాలనూ, సంగీతాన్నీ ముప్ఫై ఏళ్లు కలిపి నడిపినవాణ్ణి కనుక నా అనుభవంలో తేలినది రాస్తున్నాను.

ముందుగా గొంతు విషయం. గదిలో ఫ్యాన్ల చప్పుడును మించి నాలుగు పీరియడ్లు మాట్లాడిన గొంతు సాయంత్రానికి తారషడ్జం, అంటే పై ‘స’ మీద నిలవదు. చించినాడ దగ్గర వంతెన లేని రోజుల్లో నేను పంటు మీద వశిష్ఠ గోదావరి దాటి పాలకొల్లు వెళ్లి పాఠం చెప్పి, చీకటి పడ్డాక ఇల్లు చేరి, అప్పుడు శ్రుతిపెట్టె ముందు కూర్చునేవాణ్ణి. అలా రెండేళ్లు గడిచాక దసరా కచేరీలో తోడి రాగ ఆలాపన తారస్థాయి గాంధారం దగ్గర విరిగిపోయింది. ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. మర్నాటి నుంచి సాధనను తెల్లవారుజాముకు మార్చాను: మంద్రస్థాయిలో, అంటే కింది స్వరాల్లో అరగంట అకారం, తరువాత మూడు కాలాల్లో ఒక వర్ణం (సాధనకు పాడే రచన). నువ్వు మొదటి రోజు నుంచే అలా చెయ్యి.

కీర్తనలు పాఠం చేసుకునే పద్ధతిలో నీ శాస్త్రమే నీకు సాయపడుతుంది. 1885లో జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షరాలను కంఠస్థం చేస్తూ తన మీద తానే ప్రయోగాలు చేసుకున్నప్పుడు, పన్నెండేసి అక్షరాల వరుసలను ఒకే రోజు 68 సార్లు వల్లించినా, మూడు రోజుల మీద పంచి 38 సార్లు వల్లించినా ఇంచుమించు ఒకే ఫలితం కనిపించింది. ఉద్యోగం చేసేవాళ్లకు ఇంతకంటే ధైర్యమిచ్చే మాట నాకు దొరకలేదు. ఆదివారం ఒక్కపూటలో కొత్త కీర్తన మింగేయాలని చూడక, రోజుకు ఒక సంగతి (ఒకే పంక్తిని మార్చి పాడే తీరు) చొప్పున పట్టుకో.

ఇక తరగతి గదిలో సంగీతం. పిల్లలు నిద్రపోకుండా ఉండడానికి ఒక పాట పాడి వినిపించడమనే పనికి దయచేసి దిగకు. అది పాటకూ మర్యాద కాదు, పాఠానికీ మర్యాద కాదు. పాడితే ప్రశ్న పుట్టాలి. మనసు విడి భాగాలను కాక మొత్తాన్నే పట్టుకుంటుందని చెప్పే గెస్టాల్ట్ పాఠం వచ్చిన రోజున నీ అయిదో శ్రుతిలో మోహన రాగ ఆరోహణ పాడి, పాడగలిగిన ఒక అబ్బాయి చేత దాన్నే ఒకటో శ్రుతిలో పాడించు. ఆధారషడ్జమే, అంటే పాట నిలబడే ‘స’యే, మారింది కనుక స్వరాలన్నీ మారిన ధ్వనులే, అయినా విన్న ప్రతివాడూ అదే రాగమని గుర్తుపడతాడు. 1890లో ఆస్ట్రియా తత్త్వవేత్త క్రిస్టియన్ ఫాన్ ఏరెన్‌ఫెల్స్ తన వ్యాసంలో ముందుకు తెచ్చిన చిక్కు ఇదే: విడి స్వరాలన్నీ మారినా బాణీ మారలేదంటే, ఆ బాణీ స్వరాల మొత్తం కంటే వేరైనది కావాలి. ఆ ప్రశ్ననే ఫిలాసఫీ పీరియడ్‌కు తీసుకుపోయి, అక్షర ధ్వనులు ఒకదాని వెంట ఒకటి వినిపించి నశిస్తూ ఉండగా వాక్యార్థం అఖండంగా ఎలా స్ఫురిస్తుందని అడిగిన వ్యాకరణ తత్త్వవేత్త భర్తృహరి దగ్గర ఆపు. అయితే ఇద్దరూ చెప్పినది ఒకటేనని మాత్రం చెప్పకు. ఒకరిది గ్రహణానికి సంబంధించిన విచారణ, మరొకరిది శబ్దార్థాలకు సంబంధించిన విచారణ; ఆ తేడాను పిల్లల చేతనే చెప్పించగలిగితే నీ పాఠం పండినట్టే.

కచేరీలు ఏడాదికి నాలుగైదు మించి ఒప్పుకోకు. దసరాకు, త్యాగరాజ ఆరాధన జరిగే పుష్య బహుళ పంచమికి సెలవు కావాలని ఏడాది మొదట్లోనే ప్రిన్సిపాల్‌కు రాసి ఇవ్వు.

ఉద్యోగస్తురాలి పాటను అరకొర పాటగా చూసేవాళ్లు ఎదురుపడతారు. సంగీత విద్వాంసులు శ్రీపాద పినాకపాణిగారు కర్నూలు వైద్యకళాశాలలో ప్రొఫెసర్‌గా ఉన్నవారే; అప్పటి మన తూర్పుగోదావరి జిల్లాలో పుట్టిన గాయకులు నేదునూరి కృష్ణమూర్తిగారు ఆయన దగ్గర నేర్చుకున్నారు. వాదించే పని పెట్టుకోకు, ఆ వేళకు ఒక వర్ణం అవుతుంది.

వచ్చే ఆదివారం అమలాపురం రా. నా తంబూరా నీకే ఇస్తాను. బస్సులో కుదుపులకు దెబ్బ తినకుండా బొంతలో చుట్టి ఒళ్లో పెట్టుకుని తీసుకువెళ్లాలి. వానాకాలం చెమ్మకు బిరడాలు బిగుసుకుంటాయి, బలవంతంగా తిప్పకు.

మావయ్య