పెద్ద కాపీ నడుస్తుంటే డేటాబేస్ ఎందుకు బిగుసుకుపోతుంది?

ప్రశ్న: 64 జీబీ ర్యామ్, ఒకే హార్డ్‌డిస్క్, ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్. బ్యాకప్ కాపీ మొదలైన కాసేపటికి అదే పార్టిషన్‌లో ఉన్న డేటాబేస్ పదేసి సెకన్లు ఆగిపోతోంది. జర్నల్‌ని (ఫైల్‌సిస్టమ్ తన మార్పులు ముందుగా రాసుకునే చిట్టా) రైట్‌బ్యాక్ మోడ్‌కి మారిస్తే పోతుందా?

కొంత తగ్గొచ్చు. కానీ ముందు చెయ్యి పెట్టాల్సింది అక్కడ కాదు.

మెమరీలో మారి ఇంకా డిస్క్‌కి ఎక్కని పేజీలే డర్టీ పేజీలు. లైనక్స్‌లో డర్టీ బ్యాక్‌గ్రౌండ్ రేషియో (కెర్నల్ వెనకనుంచి రాయడం మొదలెట్టే హద్దు) డిఫాల్ట్‌గా 10, డర్టీ రేషియో (రాసే ప్రోగ్రామ్‌నే ఆపే హద్దు) 20. ఈ శాతాలు మొత్తం ర్యామ్‌లో కాదు, ఖాళీ మెమరీ, అవసరమైతే వెనక్కి తీసుకోగల పేజీ క్యాషే (ఫైళ్ల డేటా ఉంచే మెమరీ) కలిపి లెక్క. అది 50 జీబీ అనుకోండి. డర్టీ పేజీలు 5 జీబీ దాటేదాకా, లేదా 30 సెకన్ల పాతబడేదాకా కెర్నల్‌కి తొందర ఉండదు. సెకనుకు 150 ఎంబీ రాసే డిస్క్‌కి 5 జీబీ అంటే అరనిమిషం పైనే పని.

అసలు తంటా ఇక్కడే. డిలేడ్ అలొకేషన్ వల్ల కాపీ ఫైలుకి బ్లాకులు దొరికేది రాసే వేళకే. డిఫాల్ట్ అయిన ఆర్డర్డ్ మోడ్‌లో, ముఖ్యంగా 5.6కి ముందరి కెర్నల్స్‌లో, అలా కొత్తగా బ్లాకులు దక్కిన డేటా డిస్క్ మీదికి వెళ్లాకే ఆ ట్రాన్సాక్షన్ (జర్నల్‌లో ఒక విడత మార్పులు) కమిట్ అవుతుంది. డేటాబేస్ 8 కేబీ రాసి ఎఫ్‌సింక్ (డిస్క్‌కి చేరేదాకా ఆగే కాల్) పిలిచినా, జర్నల్ ఒక్కటే కాబట్టి, పక్కవాడి వందల ఎంబీలకీ కాపు కాయాలి. డిస్క్ వాడకం చూపే ఐవోటాప్‌లో, జర్నల్ రాసే జేబీడీ2 థ్రెడ్ పైకి తేలి కదలకుండా కూర్చుంటే ఇదే జబ్బు.

శాతాలు వదిలేసి బైట్స్‌లో పెట్టండి: డర్టీ బ్యాక్‌గ్రౌండ్ బైట్స్ 268435456 (256 ఎంబీ), డర్టీ బైట్స్ 1073741824 (1 జీబీ). బైట్స్ పెట్టగానే రేషియో సున్నా అని కనిపిస్తుంది, కంగారు పడకండి. కెర్నల్ మెమరీ లెక్కలుండే మెమ్‌ఇన్ఫో ఫైలులో డర్టీ, రైట్‌బ్యాక్ వరసలు సెకనుకోసారి చూస్తూ కాపీ మళ్లీ నడపండి. నష్టం లేకపోలేదు: పుట్టిన పది సెకన్లకే చచ్చే టెంపరరీ ఫైళ్లు ఇదివరకు డిస్క్ ముట్టేవి కావు, ఇప్పుడు ముట్టొచ్చు. కంపైల్ పనులు ఎక్కువుండే మెషీన్‌లో ఇంత బిగించకండి.

ఇంకా ఆగుతుంటే కాపీని డైరెక్ట్ ఐవోతో (పేజీ క్యాషే ముట్టకుండా) నడపండి, లేదా డేటాబేస్‌ని వేరే పార్టిషన్‌కి మార్చండి. జర్నల్ విడిపోతుంది, డిస్క్ క్యూ మాత్రం ఉమ్మడే.

రైట్‌బ్యాక్ మోడ్‌లో మెటాడేటా (ఫైళ్ల పేర్లు, సైజులు, బ్లాకుల లెక్క) వరుసే భద్రం. కరెంటు పోతే, అప్పుడే పెరిగిన ఫైలు చివర్న ఆ బ్లాకుల్లోని పాత చెత్త, ఎవరో డిలీట్ చేసిన డేటాతో సహా, తేలొచ్చు. రీమౌంట్‌తో మోడ్ మారదు కూడా; అన్‌మౌంట్ చేసి మళ్లీ ఎక్కించాల్సిందే. కమిట్ వ్యవధిని 5 నుంచి 60 సెకన్లకి పెంచడం ఈ సమస్యకి దండగ, ఎఫ్‌సింక్ ఆ గడియారం చూడదు. బ్యారియర్ (డిస్క్ క్యాషేలోది దించమని కెర్నల్ పంపే ఫ్లష్) తీసేయమనే సలహా అయితే అసలు వినకండి. బ్యాటరీ ఉన్న కంట్రోలర్ తన క్యాషేని రైట్ త్రూ (రాసిందల్లా భద్రమే) అని చెప్పుకుంటే కెర్నల్ ఫ్లష్‌లు ఎలాగూ పంపదు. అలా చెప్పని డిస్క్‌కి అవి కావాలి.